చారల లెక్క, తేలు చిరునామా

తొలకరి జల్లులు పడిన నాలుగు రోజులకు ఒక దావత్ నిమిత్తం మేము చెల్పూర్ వెళ్ళాము. జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలోని ఈ ఊరి పేరు చెప్పగానే చాలామందికి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం గుర్తుకు వస్తుంది. 2010లో 500 మెగావాట్ల యూనిట్‌తో ఉత్పత్తి ప్రారంభించి, 2016లో 600 మెగావాట్ల మరో యూనిట్‌ను చేర్చుకున్న పెద్ద కేంద్రమది. దానికి చేరువలోనే భూపాలపల్లి బొగ్గు గనులు. వీటి చుట్టూ పత్తి చేలు, మిరప తోటలు. వాటి అంచులు దాటితే గుట్టలు, అడవి. మా ఆపా కుటుంబం కొన్నేళ్ళుగా అక్కడే ఉంటున్నది.

ఆ రోజు ఇంటి వెనుక పెద్ద దేగ్ పొయ్యి మీదికెక్కింది. కట్టెలు తక్కువ పడ్డాయని ఎవరో అనగా, ఆపా చిన్నకొడుకు, తొమ్మిదేళ్ళవాడు, ప్రహరీ గోడ పక్కన పేర్చిన పత్తికట్టె కుప్ప వద్దకు పరుగెత్తాడు. రెండుసార్లు మోసుకువచ్చి పడేశాడు. మూడోసారి వెళ్ళినవాడు ఉత్త చేతులతో తిరిగివచ్చి, ఇంట్లో ఒక మూల ముడుచుకుని కూర్చున్నాడు. చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్ళవద్దని తల్లి వందసార్లు చెప్పి ఉన్నది. అందువల్ల జరిగినది చెప్పడానికి వాడికి భయం. ‘తేలు కుట్టిన దొంగ’ అనే మాటను మనం జీవితమంతా వాడుతూనే ఉంటాము. ఆ మాటకు నిలువెత్తు రూపం ఆ రోజు మా కళ్ళ ముందే కూర్చున్నా మేము గుర్తించలేకపోయాము.

అరగంట గడిచాక ఆపా చూసింది. పిల్లవాడి చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. అప్పటికే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చేతులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. "ఏమైందిరా బేటా?" అని అడిగితే మాట లేకుండా కాలి మడమ చూపాడు.

ఇల్లంతా గగ్గోలైంది. ఎర్రదా, నల్లదా అని ఒకరు అడిగారు. కాలికి తాడు బిగించమని మరొకరు అన్నారు. పక్క ఊళ్ళో మంత్రం వేసే మనిషి ఉన్నాడని, చిటికెలో దించుతాడని ఒక పెద్దాయన చెప్పాడు. అప్పుడు ఆ ఇంటి పెద్దకోడలు, నర్సింగ్ చదివిన అమ్మాయి, ముందుకు వచ్చి, "మామూజాన్, ముందు బండి తీయండి. మిగతావన్నీ దారిలో మాట్లాడుకుందాము" అన్నది. పెద్దల ముందు ఎన్నడూ గొంతు పెంచని ఆ అమ్మాయి మాటకు ఆ రోజు ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆసుపత్రిలో వైద్యుడు నాడి, రక్తపోటు చూసి, ఒక మాత్ర వేయించి, రాత్రంతా పిల్లవాడిని పరిశీలనలో ఉంచాడు. ఫజర్ వేళకు వాడి చేతులు వెచ్చబడ్డాయి. అల్హమ్దులిల్లాహ్.

పక్క మంచం మీద ఒక రైతు ఉన్నాడు. తనను కరిచినది చారల పాము కాదు గనుక బతికి బయటపడ్డానని వచ్చినవారందరికీ చెబుతున్నాడు. ఆ మాటలు వింటూ పడుకున్న మా మేనల్లుడు తెల్లవారగానే మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగాడు. "మామూ, చారలున్నవన్నీ విషపు జీవులేనా?" అన్నది మొదటిది. "ఈ తేలు మా ఇంటికే ఎందుకు వచ్చింది? దాని ఇల్లు ఎక్కడ?" అన్నది రెండవది. అక్కడ మేము చెప్పిన జవాబు పొట్టిది. పాఠకుల ఇళ్ళలోనూ ఇటువంటి పిల్లలు ఉంటారు గనుక, పూర్తి జవాబును ఈ నెల ఇక్కడ ఇస్తున్నాము.

చారలు ఏమి చెబుతాయి?

చారలను గమనించడం మనకు కొత్త కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని ఫాతిర్ సూరా 27, 28 ఆయతులు పర్వతాలలోని తెల్లని, ఎర్రని చారలను ప్రస్తావించి, ఆ వెంటనే మనుషులలో, జంతువులలో, పశువులలో ఉన్న రంగుల వైవిధ్యాన్ని గుర్తుచేసి, జ్ఞానం గలవారి దైవభీతి వద్దకు చేరుతాయి. చెల్పూర్ ఉన్న జిల్లాలోనే పాండవుల గుట్టలు ఉన్నాయి. అక్కడి ఇసుకరాతి పొరలను, ఆ రాళ్ళ మీద ఆదిమానవులు వేసిన చిత్రాలను చూసినవారికి, రాతి మీద గీతలు చూసి మనిషి ఎందుకు నిలిచిపోతాడో విడమరచి చెప్పనక్కరలేదు. పోల్చి చూడడం, తేడా తెలుసుకోవడం జ్ఞానానికి మొదటి మెట్టు.

మొదట మన పెరటి నుండే ప్రారంభిద్దాము. ఉడుతను చూడండి. దక్షిణ భారతంలో కనిపించే ఉడుత వీపు మీద మూడు తెల్లని చారలు ఉంటాయి. ఉత్తర భారతంలో కనిపించే జాతికి ఐదు. రెండింటిలోనూ విషం లేదు. చెట్టు బెరడు మీద, ఆకుల సందుల్లో పడే వెలుగునీడలలో ఆ గీతలు కలిసిపోయి గద్ద కంటిని తప్పించడానికి తోడ్పడతాయి. అడవిపంది పిల్లల సంగతీ అంతే. పుట్టినప్పుడు వాటి ఒంటి మీద పొడవాటి లేత చారలు ఉంటాయి. కొద్ది నెలల్లో, పరుగెత్తి తప్పించుకునే శక్తి వచ్చేసరికి, అవి చెరిగిపోతాయి. చారలు బలహీనులకు దొరికిన దాపు అన్నమాట.

పులికి అదే దాపు వేటకు పనికివస్తుంది. నిలువు చారలు ఎండుగడ్డిలో, వెదురు పొదల్లో పులి ఆకారాన్ని ముక్కలు చేసి చూపిస్తాయి. మన కంటికి నారింజ రంగుగా కనిపించే పులి, ఎరుపును గుర్తించలేని జింక కంటికి ఆకుపచ్చలో కలిసిపోతుంది. అన్నిటికంటే ఆశ్చర్యకరమైన విషయం మరొకటి ఉన్నది. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు; ఒకే పులి కుడి పక్క, ఎడమ పక్క కూడా ఒకటి కావు. మన వేలిముద్రల వలె అవి దాని గుర్తింపు. అందుకే పులులను లెక్కించేవారు దారికి రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు అమర్చుతారు. 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ ఈ పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చారు. 2022లో జరిగిన దేశవ్యాప్త గణనలో పులుల సంఖ్య సగటున 3,682గా తేలింది. గోదావరికి అటూ ఇటూ ఉన్న అడవులగుండా మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వైపు నుండి తెలంగాణలోకి వచ్చే పులులను అటవీ శాఖ గుర్తుపట్టేది కూడా ఈ చారలతోనే.

ఇక మనం అన్యాయంగా ద్వేషించే చారల జంతువు ఒకటి ఉన్నది. అది దుమ్ములగొండి. ‘దుమ్ము’ అంటే ఎముక అని పాత తెలుగులో ఒక అర్థం. ఎముకలను సైతం కొరికి నమిలే జంతువు గనుక ఆ పేరు. బూడిద రంగు ఒంటి మీద నల్లని చారలు, భయపడితే నిక్కబొడుచుకునే జూలు చూసి ఊళ్ళలో దానిని పెద్దపులిగానో, తోడేలుగానో పొరబడి తరుముతారు. నిజానికి అది ఎక్కువగా రాత్రివేళ ఒంటరిగా తిరుగుతూ చచ్చిన పశువుల కళేబరాలను శుభ్రం చేసే జీవి. ప్రపంచవ్యాప్తంగా దాని సంఖ్య తగ్గుతున్నదని అంతర్జాతీయ సంస్థలు హెచ్చరిస్తున్నాయి. చారను చూసి తీర్పు చెప్పే తొందరపాటుకు అది మూల్యం చెల్లిస్తున్నది.

ఆఫ్రికా జీబ్రాల చారల రహస్యం మీద శాస్త్రవేత్తలు నూరేళ్ళకు పైగా వాదించారు. ఇటీవలి ప్రయోగాలు ఒక సామాన్యమైన జవాబు వైపు మొగ్గు చూపుతున్నాయి. ఆ జవాబు జోరీగ. 2019లో బ్రిటన్‌లో గుర్రాలకు చారల దుప్పట్లు కప్పి చూస్తే వాటి మీద వాలే జోరీగలు బాగా తగ్గాయి. అదే సంవత్సరం జపాన్‌లో నల్లని ఆవులకు తెల్లని చారలు పూసి చూస్తే ఈగల కాటు దాదాపు సగానికి తగ్గింది. పశువులున్న మన రైతులకు ఈ విషయం నవ్వు తెప్పించవచ్చు గానీ, పనికిరానిది మాత్రం కాదు. అసలు ఒంటి మీద ఈ గీతలు ఎలా ఏర్పడతాయన్న ప్రశ్నకు 1952లో గణితవేత్త అలన్ ట్యూరింగ్ ఒక జవాబు ఊహించాడు. పెరుగుతున్న పిండంలో రెండు రసాయనాలు ఒకదానినొకటి ప్రేరేపిస్తూ, అణచివేస్తూ వ్యాపిస్తే చారలు, మచ్చలు వాటంతట అవే ఏర్పడగలవని లెక్కలతో చూపాడు.

దాచుకోవడానికి కొన్ని చారలు ఉంటే, కనిపించడానికి కొన్ని. విద్యుత్ కేంద్రాల వద్ద నిలబడే ఎత్తైన పొగగొట్టాలకు ఎరుపు, తెలుపు పట్టీలు వేసేది విమానం నడిపేవారికి దూరం నుండే కనబడాలని. కందిరీగ నడుము మీది పసుపు, నలుపు పట్టీలూ అటువంటివే. తాకవద్దన్న హెచ్చరిక వాటిలో ఉన్నది. కనుక చార అన్నది ఒకే భాష కాదు. ఒక్కొక్క జీవి ఒంటి మీద దానికి ఒక్కొక్క అర్థం.

అయితే పక్క మంచం రైతు మాటలో కొంత నిజమూ ఉన్నది. మన ఇళ్ళకు నిజంగా ప్రమాదం తెచ్చే చారల జీవి కట్లపాము. నిగనిగలాడే నల్లని ఒంటి మీద సన్నని తెల్లని పట్టీలు, తరచుగా జంటలు జంటలుగా ఉంటాయి. తల వైపు ఆ పట్టీలు పలచబడి, తోక వైపు స్పష్టపడతాయి. ఇది రాత్రి తిరిగే పాము. నేల మీద పడుకున్నవారి పక్కలోకి చేరి కరుస్తుంది. కోరలు చిన్నవి గనుక కాటు నొప్పి అనిపించదు, వాపు కూడా ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడడం, మింగలేకపోవడం మొదలైతే అజీర్ణమని పొరబడి ఇంట్లోనే ఉండిపోయి ప్రాణం కోల్పోయినవారు ఎందరో. దీనిని పోలిన చారలతోనే విషం లేని మరో పాము ఇళ్ళలో తిరుగుతుంది. ఆ రెండింటి తేడాను చీకట్లో తేల్చే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. పామును పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోనవసరం కూడా లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి ఒకే విరుగుడు మందు మన ఆసుపత్రులలో వాడుతున్నారు. దోమతెర అంచులను పరుపు కిందికి మడిచి పడుకోవడం పాముకాటును కూడా బాగా తగ్గిస్తుందని నేపాల్‌లో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది.

తేలు ఇల్లు ఎక్కడ?

ఇప్పుడు రెండవ ప్రశ్న. చారల జీవులను కంటితో గుర్తించవచ్చు. తేలును మాత్రం దాని చిరునామాతోనే గుర్తించాలి. ఎందుకంటే అది పగలు కనిపించదు.

ప్రపంచంలో సుమారు 2,800 జాతుల తేళ్ళు ఉన్నాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలలోనూ ఉన్నాయి. మనిషి ప్రాణానికి ముప్పు తేగలవి వాటిలో కొన్ని పదులకు మించవు. మన దగ్గర పెద్దలు ‘మండ్రగబ్బ’ అని పిలిచే పెద్ద నల్లతేలు చూడగానే గుండె ఝల్లుమనిపిస్తుంది. లావైన, బలమైన కొండీలు, వాటితో పోలిస్తే సన్నని తోక దాని రూపం. అది కుడితే నొప్పి తీవ్రంగా ఉంటుంది గానీ ప్రాణాపాయం అరుదు. దానికి భిన్నంగా ఎర్రతేలు చిన్నది. వేలెడంత ఉంటుంది. దాని కొండీలు సన్ననివి, తోక మాత్రం లావు. భయపడవలసినది దీనికే. కొండీలతో ఎరను నలిపి చంపగల తేలుకు గట్టి విషం అవసరం లేదు. కొండీల బలం లేని తేలు విషం మీదే ఆధారపడుతుంది. పిల్లలకు ఈ ఒక్క సూత్రం నేర్పినా మేలు. అయితే ఇది దూరం నుండి గుర్తించడానికే గానీ, దగ్గరికి పోయి కొలవడానికి కాదు. తేలు కనిపించలేదని వైద్యానికి ఆలస్యం చేయడానికి అంతకన్నా కాదు.

నల్లతేలు నేలలో బొరియ తవ్వుకుంటుంది. చెరువు గట్ల వాలులో, చెట్ల మొదళ్ళలో, తేమ నిలిచే మట్టిలో దాని ఇల్లు. బొరియ నోరు గుండ్రంగా ఉండదు, తేలు ఒంటికి తగినట్లు వెడల్పుగా, చదునుగా ఉంటుంది. అది చూసి ఎలుక కన్నం కాదని పోల్చుకోవచ్చు. ఎర్రతేలు సాధారణంగా పొడినేలను, రాళ్ళ అడుగును, ఊడిన బెరడు సందులను ఎంచుకుంటుంది. మన ఊళ్ళలో దానికి అంతకంటే సుఖమైన ఇళ్ళు మనమే కట్టి ఇస్తున్నాము. బీటలు వారిన మట్టిగోడ, గూనపెంకుల కప్పు, ఇటుకల దొంతి, పిడకల గూడు, పశువుల కొట్టం, కట్టెల కుప్ప ఎర్రతేలుకు నివాసాలే. పత్తి తీసిన తరువాత పొయ్యికి పనికివస్తుందని పేర్చే పత్తికట్టె దానికి నెలల తరబడి కదలని కోట.

అది ఇంట్లోకి రావడానికి మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది ఆహారం. బొద్దింకలు, కీచురాళ్ళు, చెదపురుగులు ఎక్కడ ఉంటే తేలు అక్కడికి చేరుతుంది. బొద్దింకలు తిరిగే ఇల్లు తేలుకు దస్తర్‌ఖాన్ పరిచిన ఇల్లే. రెండవది తేమ. ఎండాకాలంలో గుసల్‌ఖానా తూము వద్ద, నీళ్ళ కుండ కింద, కూలర్ వెనుక చల్లదనం కోసం చేరుతుంది. మూడవది వాన. తొలకరికి బొరియలోకి నీరు చేరగానే పొడిచోటు వెతుక్కుంటూ బయటికి వస్తుంది. మా మేనల్లుడిని కుట్టిన తేలు బహుశా నాలుగు రోజుల ముందే ఆ కట్టెల కుప్పకు వలస వచ్చి ఉంటుంది. ఇల్లు కట్టడానికి, రోడ్డు వేయడానికి, గట్టు చదును చేయడానికి నేల తవ్విన ప్రతిసారీ కూడా అవి నిరాశ్రయమై చుట్టుపక్కల ఇళ్ళకు చేరుతాయి. అది మన ఇంటికి వచ్చిందని మనం అనుకుంటాము. దానికి అది మరో రాయి, మరో సందు మాత్రమే.

తేలు జీవితంలో మనం నేర్చుకోదగిన సంగతులూ ఉన్నాయి. తేలు గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. తెల్లగా, మెత్తగా ఉండే పిల్లలు తల్లి వీపు మీదికెక్కి, మొదటిసారి చర్మం విడిచేవరకు అక్కడే ఉంటాయి. అది చాలా తక్కువ తిండితో నెలల తరబడి బతకగలదు. ఎనిమిది కాళ్ళు ఉన్న ఈ జీవి సాలీడుకు చుట్టం, పురుగుల జాతి కాదు. దాని వంశం 43 కోట్ల సంవత్సరాలకు పైబడినదని శిలాజాలు చెబుతున్నాయి. అన్నిటికంటే వింతైనది, అతినీలలోహిత కాంతి పడితే తేలు ఒళ్ళంతా పచ్చని, నీలి వెలుగుతో మెరుస్తుంది. నకిలీ నోట్లు చూసే చిన్న టార్చి లైటు వంటిది రాత్రి కట్టెల కుప్ప మీద వేస్తే చాలు, దాగిన తేలు దీపంలా కనబడుతుంది. తేళ్ళు ఎక్కువగా తిరిగే ఊళ్ళలో ఇంటికొక అటువంటి లైటు ఉండటం మంచిది.

ఇక చార, తేలు రెండూ ఒక్కచోట కలిసిన జీవి కూడా ఉన్నది. అమెరికాలో మన తెలుగువారు వేలాదిగా స్థిరపడిన డల్లాస్ నగరం ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో వీపు మీద రెండు ముదురు చారలు ఉన్న తేలు సర్వసాధారణం. గోడలు ఎక్కగలదు, ఇళ్ళ అటకల్లో దాగుతుంది. కుడితే మంట, నొప్పి ఉంటాయి గానీ ప్రాణాపాయం చాలా అరుదు. చారలు లేని మన ఎర్రతేలు దానికంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం. సౌదీలో గొర్రెలు, ఒంటెలు కాయడానికి వెళ్ళిన మన తెలంగాణ సోదరులకు ఎడారిలోని పసుపుతేలు, లావుపాటి తోక గల నల్లతేలు కూడా అంతే ప్రమాదకరమైనవి. అక్కడ నల్లతేలు అని తేలికగా తీసుకోకూడదు. గల్ఫ్‌లో ఉన్నవారికి ఈ మాట ఫోనులో చెప్పండి. ఇసుకలో పడుకునేవారు బూట్లు దులపకుండా తొడగవద్దని చెప్పండి. కనుక మా మేనల్లుడి మొదటి ప్రశ్నకు జవాబు ఇది: చార విషానికి గుర్తు కాదు, చార లేకపోవడం క్షేమానికి గుర్తు కాదు.

కుట్టితే ఏమి చేయాలి?

ఎర్రతేలు విషం కుట్టిన చోటే ఆగదు. నరాలను ఒక్కసారిగా ఉద్రేకపరచి, గుండె మీద మోయలేని భారం పెడుతుంది. విపరీతమైన చెమట, వాంతులు, చల్లబడిన చేతులు, కాళ్ళు దాని తొలి హెచ్చరికలు. ఆ దశ దాటితే ఊపిరితిత్తులలో నీరు చేరి, ఆయాసం, నురగతో కూడిన దగ్గు వస్తాయి. పెద్దలకంటే పిల్లలకు ప్రమాదం ఎక్కువ.

ఒకప్పుడు ఈ దశకు చేరినవారిలో నూటికి ముప్పై మంది వరకు మరణించేవారు. ఆ పరిస్థితిని మార్చినవాడు మహారాష్ట్ర కొంకణ ప్రాంతంలోని మహాడ్‌లో పనిచేసిన గ్రామీణ వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తేలు కుట్టిన పిల్లల మంచాల పక్కనే రాత్రంతా కూర్చుని, లక్షణాలు రాసుకుని, 1982లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో ఆ పరిశీలనలను ప్రకటించారు. ఆ తరువాత రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే సామాన్యమైన మాత్ర ఈ విషం చేసే హానిని అడ్డుకోగలదని చూపారు. సకాలంలో ఆ మాత్ర అందినవారిలో మరణాలు నూటికి ఒకటికి అటూ ఇటుగా తగ్గాయి. ముంబైలోని హాఫ్కిన్ సంస్థ తయారుచేసే విరుగుడు ఇంజెక్షన్‌ను దానితో కలిపి ఇస్తే కోలుకోవడం మరింత వేగంగా జరుగుతుందని కూడా 2011లో ఆయన ప్రకటించారు. 2022లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఈ మాత్రను ఇంట్లో సొంతంగా వేయరాదు. రక్తపోటు చూసి, మోతాదు లెక్కగట్టి వైద్యుడే ఇవ్వాలి. మన పని ఒక్కటే, ఆ మనిషిని వేళకు అక్కడికి చేర్చడం.

దారిలో చేయవలసినవి కొద్దే. కుట్టిన చోట కడిగి, చల్లని గుడ్డ పెట్టండి. కుట్టిన కాలును, చేతిని కదలనీయకండి. తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, సున్నం, పొగాకు పూయడం చేయకండి. బండి లేకపోతే 108కు ఫోను చేయండి.

మంత్రం గురించి ఒక మాట చెప్పక తప్పదు. తేలు కాట్లలో ఎక్కువ భాగం నొప్పితోనే ముగిసి వాటంతట అవే తగ్గుతాయి. కనుక మంత్రగాడికి పదిమందిలో తొమ్మిదిమంది విషయంలో పేరు వస్తుంది. పదవ మనిషి విషయంలో మాత్రం రెండు గంటల విలువైన సమయం పోతుంది. ‘మనకు రుఖ్‌యా ఉన్నది కదా, సహాబీ ఒకరు తేలు కుట్టిన నాయకుడికి ఫాతిహా చదివి నయం చేశారు కదా’ అని కొందరు పాఠకులు మమ్మల్ని అడగవచ్చు. ఆ ఉదంతం నిజమే. అల్లాహ్ ప్రతి రోగానికీ ఔషధం సృష్టించాడని, వైద్యం చేయించుకోవాలని దైవప్రవక్త (స) చెప్పినదీ నిజమే. దుఆ నాలుకతో చేసేది, బండి కాలితో తోలేది. ఈ రెండింటికీ మధ్య పోటీ ఎక్కడున్నది? ఆ రాత్రి ఆసుపత్రి దారి పొడుగునా ఆపా ఫాతిహా చదువుతూనే ఉన్నది. బండి మాత్రం ఎక్కడా ఆగలేదు.

ఇంటి అలవాట్లు

పడక మీదికి చేరేముందు దానిని దులుపుకోవాలని, మనం లేని వేళ అక్కడికి ఏమి వచ్చి చేరిందో మనకు తెలియదని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనకు తెలుసు. దానిని మనం ఒక మర్యాదగా నేర్చుకున్నాము గానీ, చెల్పూర్ వంటి ఊళ్ళో అది ప్రాణరక్షణ కూడా. బొంత, చద్దరు, జానిమాజ్ పరిచేముందు దులపండి. మస్జిద్ మెట్ల వద్ద విడిచిన బూట్లలో కాలు పెట్టేముందు తలకిందులు చేసి తట్టండి. మంచం కోళ్ళను గోడకు ఆనించకండి. కట్టెలను, ఇటుకలను ఇంటి గోడకు దూరంగా, నేలకు ఎత్తుగా పేర్చండి. కట్టె తీసేముందు కర్రతో కదిలించండి. గుసల్‌ఖానా తూముకు జాలీ బిగించండి. గోడ బీటలు పూడ్చండి.

ఇంట్లో తేలు కనిపిస్తే చంపడానికి షరీఅత్ అనుమతి ఉన్నది. నమాజులో ఉండగా సైతం ఉన్నది. అయితే దానిని హింసించి ఆడుకోవడానికి, కాల్చడానికి అనుమతి లేదు. అడవిలో, గట్టు మీద తన బొరియలో తాను ఉన్న తేలును వెతికి చంపనవసరమూ లేదు. ఆ బొరియ దానికి ఇల్లు.

చివరిగా, అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త మా ఆపా ఆ ఉదయమే నేర్చుకున్నది. ఆమె కొడుకు తల నిమురుతూ, "ఇకముందు నీవు ఏ తప్పు చేసినా, దెబ్బ తగిలితే ముందు నాకు చెప్పు. తిట్టేది తరువాత" అన్నది. ఆ అరగంట మౌనం పిల్లవాడి మీద పెట్టిన భయం వల్ల వచ్చినది. తేలు విషానికి మందు ఉన్నది. తల్లిదండ్రులకు చెప్పలేని పిల్లవాడికి ఆ మందు అందడమే ఆలస్యమవుతుంది. మన పిల్లలు తేలు కుట్టిన దొంగలు కాకుండా చూసుకోవలసినది మనమే.

ఆసుపత్రి నుండి బయలుదేరేటప్పుడు వాడు మంచం కింది చెప్పులను తీసి, రెండింటినీ తలకిందులు చేసి నేలకేసి తట్టి, లోపలికి తొంగిచూసి తొడుక్కున్నాడు. తరువాత పక్క మంచం వద్దకు వెళ్ళి, "చాచా, చారలున్నవన్నీ విషం కాదు, మామూ చెప్పారు" అని ఆ రైతుకు సలామ్ చేశాడు. ఆయన నవ్వి, వాడి గడ్డం పట్టుకుని ఆశీర్వదించాడు. అల్లాహ్ మన పిల్లలందరినీ కనిపించే కీడు నుండి, కనిపించని కీడు నుండి కాపాడుగాక. ఆమీన్.